తెగిన భుజం టెండన్‌కు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హిందూపురంలో ఉండే మీ నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు నెలల క్రితం బాత్రూంలో జారి, చెయ్యి ఆనించి పడ్డారు. అప్పట్నుంచి చెయ్యి పైకి లేవడం లేదు. బెంగళూరు తీసుకొచ్చి ఎమ్మారై తీయిస్తే సుప్రాస్పైనేటస్ టెండన్ పూర్తిగా తెగిందనీ, రెండున్నర సెంటీమీటర్లు వెనక్కి జరిగిందనీ రిపోర్టు వచ్చింది. ఒక ఆర్థో సర్జన్ కీహోల్ ఆపరేషన్ చేసి కుట్టేద్దామన్నారు. ఇంకో క్లినిక్‌లో మాత్రం కోత అక్కర్లేదు, మూడు స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు ఇస్తే ఆర్నెల్లలో కొత్త టెండన్ పుడుతుందన్నారు. 87 శాతం సక్సెస్ అని ఒక పరిశోధన పత్రం కూడా చూపించారు. ఇప్పుడు ఎటు వెళ్లాలి?

నేను డాక్టర్ని కాను. బెంగళూరులో ఒక టిష్యూ ఇంజినీరింగ్ (కణాలతో కణజాలం పెంచే) ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా టెండన్ల మీదే పనిచేస్తున్నాను, భుజం సర్జన్లతో కలిసి. కాబట్టి కణాల సంగతి చెప్పగలను. మీ నాన్నగారి భుజాన్ని చేత్తో పట్టుకుని చూసి చెప్పాల్సింది సర్జనే. నా మాట మాత్రం ముందే చెప్పేస్తాను: ఆ ఇంజెక్షన్లను నమ్ముకుని ఆర్నెల్లు ఆగకండి. పోయేది డబ్బు మాత్రమే అయితే ఇంత గట్టిగా చెప్పను. ఇక్కడ టైమ్ పోతుంది, అది తిరిగి రాదు.

ఎందుకో చెప్తాను. భుజంలో నాలుగు కండరాల టెండన్లు చేతి ఎముక తలను చుట్టి పట్టుకుని ఉంటాయి. రొటేటర్ కఫ్ అనేది దాన్నే. అందులో పైన ఉండేది సుప్రాస్పైనేటస్, ఎక్కువగా తెగేదీ అదే. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు బిగలాగి కట్టిన తాడు. తెగితే కొస ఉన్నచోట ఉండదు, కండరం దాన్ని తనవైపు లాక్కుంటుంది. రిపోర్టులోని రెండున్నర సెంటీమీటర్లు ఆ దూరమే. మధ్యలో ఉన్నది ఖాళీ. అందులో కీలు ద్రవం తిరుగుతూ ఉంటుంది. అక్కడ సూదితో కణాలు వేస్తే పట్టుకోవడానికి వాటికి ఆధారం లేదు. ఎంత మంచి కణాలైనా ఆ ద్రవంలో చెదిరిపోతాయే తప్ప రెండున్నర సెంటీమీటర్ల మేర వంతెన కట్టవు.

ఈలోపు కండరం కూడా మారిపోతూ ఉంటుంది. ఎముకను లాగే పని లేని కండరం సన్నబడుతుంది, దాని పోగుల మధ్య కొవ్వు చేరుతుంది. దీన్ని 0 నుంచి 4 వరకు గుటాలియే గ్రేడ్లుగా కొలుస్తారు. గ్రేడ్ 3 అంటే కండరం ఎంత ఉందో కొవ్వూ అంతే ఉందని అర్థం. ఆ దశకు వెళ్లాక కుట్టినా నిలవడం కష్టం. అలా చేరిన కొవ్వు ఆపరేషన్ తర్వాత కూడా పెద్దగా వెనక్కి పోదు. అందుకే దెబ్బ తగిలి ఒక్కసారిగా తెగిన టెండన్‌ను సర్జన్లు నెలల తరబడి వదిలేయడానికి ఇష్టపడరు. మీ ఎమ్మారై రిపోర్టులో ఈ గ్రేడ్ రాసి లేకపోతే రేడియాలజిస్టును అడిగి రాయించుకోండి. నా లెక్కలో ఆ రిపోర్టులో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఈ జవాబు చదివే మిగతావాళ్లు తమ ఇంట్లో పెద్దవాళ్ల భుజం నొప్పికి దీన్ని అన్వయించుకోకూడదు. దెబ్బేమీ లేకుండా వయసుతోపాటు అరిగి తెగిన టెండన్ వేరే కథ. అమెరికాలో అలాంటి 452 మందికి పద్ధతిగా ఫిజియోథెరపీ ఇచ్చి, 2013లో ఫలితాలు వెల్లడించారు. రెండేళ్లు గడిచినా నాలుగో వంతు మంది కూడా ఆపరేషన్ దాకా వెళ్లలేదు. అక్కడ ముందు వ్యాయామం, తర్వాతే కత్తి. మీ నాన్నగారిది అది కాదు. పడకముందు బిందె ఎత్తగలిగిన చెయ్యి, పడ్డాక దువ్వెన కూడా ఎత్తలేకపోతోందని మీరే రాశారు.

ఇక అసలు ప్రశ్న. స్టెమ్ సెల్స్ అన్నీ చేయగలవంటారే, మరి టెండన్‌ను ఎందుకు చేయలేవు?

టెండన్ చూడటానికి సాదాగా ఉంటుంది, కట్టడం మాత్రం చాలా కష్టం. నీళ్లు తీసేస్తే దాని బరువులో 60 నుంచి 85 శాతం కొల్లాజెన్ అనే ప్రోటీనే, అందులోనూ అధికభాగం టైప్ 1 రకం. ఆ పోగులన్నీ లాగుడు ఎటుంటే అటు, ఒకే దిక్కుగా పేర్చి ఉంటాయి. కణాలు చాలా తక్కువ, రక్తనాళాలు అంతకన్నా తక్కువ. మరమ్మతు కూడా అంత నెమ్మదిగానే ఉంటుంది. 1955-63 మధ్య జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. మనుషుల కణజాలంలో అది ఎంత చేరిందో కొలిచి, డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2013లో ఒక విషయం తేల్చారు: మడమ వెనకుండే అకిలిస్ టెండన్ నడిభాగం దాదాపు 17 ఏళ్ల వయసుకే తయారైపోతుంది, ఆ తర్వాత కొత్తది దాదాపు రాదు. అంటే పెద్దవాళ్ల శరీరం మామూలుగా చేయని పనిని మనం కణాలతో చేయించాలని చూస్తున్నాం.

తెగినచోట శరీరం చేసేది మచ్చ కణజాలం. మొదట్లో అందులో టైప్ 3 కొల్లాజెన్ ఎక్కువ, పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. నెలల మీద కొంత సర్దుకుంటుంది కానీ అసలు టెండన్ అంత బలం రాదు. ఎముకను అంటుకునే చోట చిక్కు ఇంకా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు టెండన్ నుంచి ఎముకలోకి నాలుగు అంచెలుంటాయి: టెండన్, మెత్తటి మృదులాస్థి, సున్నం పట్టిన మృదులాస్థి, ఎముక. టెండన్ కన్నా ఎముక గట్టిదనం దాదాపు వంద రెట్లు. ఆ తేడాను ఆ కొద్దిపాటి మందంలో మెల్లమెల్లగా సర్దేది ఈ అంచెలే. ఆపరేషన్‌లో సర్జన్ ఎంత చక్కగా కుట్టినా ఈ నాలుగు అంచెలు మళ్లీ పుట్టవు, మచ్చతోనే అంటుకుంటుంది. భుజం టెండన్లు కుట్టాక మళ్లీ తెగడానికి పెద్ద కారణం ఇదే. మేమంతా తలకొట్టుకునేది కూడా ఈ అతుకు దగ్గరే.

మా ల్యాబ్‌లో జరిగేది కొంచెం చెప్తాను, అప్పుడు 'ఇంజెక్షన్‌తో కొత్త టెండన్' అనే మాట ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. సిరంజిలో కరిగించిన పాలిమర్ పోస్తాం. సూదికీ, ఎదురుగా వేగంగా తిరిగే డ్రమ్ముకీ మధ్య పదిహేను, ఇరవై వేల వోల్టులు పెడతాం. కంటికి కనిపించనంత సన్నటి పోగులు డ్రమ్ము మీద ఒకే దిక్కుగా చుట్టుకుని తెల్లటి పొరలా తయారవుతాయి. దాని మీద ఎముక మజ్జ నుంచి తీసిన కణాలు వేసి, కొన్ని రోజుల తర్వాత రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, ప్రతి కణమూ పోగు వెంబడే సన్నగా సాగి పడుకుని ఉంటుంది. అవే కణాలను పోగులు చిందరవందరగా ఉన్న పొర మీద వేస్తే నాలుగు దిక్కులా కాళ్లు చాపుతాయి. కణాలు ఒకటే, కింద ఉన్నది మారింది, అంతే. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడటం ఇష్టం.

అంతటితో అవదు. ఆ పొరను బయోరియాక్టర్ అనే, కణాలు పెంచే యంత్రంలో బిగించి, నాలుగైదు శాతం మేర సాగదీస్తూ వదులుతూ రోజూ కాసేపు కసరత్తు చేయించాలి. అప్పుడే కణాలు టెండన్ కణాలుగా మారుతున్నాయని చూపే స్క్లెరాక్సిస్, టెనోమాడ్యులిన్ లాంటి గుర్తులు నిలబడతాయి. లాగడం ఆపేస్తే తగ్గిపోతాయి. 2022లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఇంకో అడుగు వేసి, మనిషి భుజంలా కదిలే రోబో మీద కణాలు పెంచి చూశారు, సాదా సాగదీత భుజం కదలికకు సాటి రాదేమోనని.

ఇక మజ్జ కణాలకు ఎముక వైపు మొగ్గు ఎక్కువ. పెంచిన పొర మీద అలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే సున్నం ఉన్నచోట ఎర్రగా పడుతుంది. టెండన్ కావాల్సిన పొర మీద ఆ ఎర్రచుక్కలు కనబడితే ఆ బ్యాచ్ పక్కన పెట్టాల్సిందే. ప్లేట్‌లో అయితే పక్కన పెడతాం, మనిషి భుజంలో అయితే ఎలా? ఇది ఊహ కాదు. 2004లో అమెరికాలో కుందేళ్ల మోకాలి టెండన్‌ను ఇలాంటి కణాలతో బాగుచేస్తే, కణాలు పెట్టిన టెండన్లలో 28 శాతంలో ఉండకూడని చోట ఎముక పుట్టింది.

ఆఖరున బలం చూడాలి. పోల్చడానికి రసెల్ మార్కెట్ దగ్గరి మటన్ కొట్టు నుంచి మేక కాళ్లు తెప్పిస్తాం. వాటి టెండన్‌ను యంత్రంలో బిగించి లాగితే చాలాసార్లు టెండన్ తెగకముందే పట్టులోంచి జారిపోతుంది, అందుకని కొసల్ని గడ్డకట్టించి పట్టుకోవాలి. మేము పెంచినదానికి ఆ అవస్థ రాదు, మామూలు పట్టుతోనే తెగిపోతుంది. ప్రపంచంలో చాలా ల్యాబ్‌ల పరిస్థితి ఇప్పటికి ఇంతే. పని ముందుకే వెళ్తోంది, నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను కాబట్టే ఇందులో ఉన్నాను. కానీ మీ నాన్నగారి భుజం ఈ నెలలో తేలాల్సిన విషయం.

ఇంకో మాట. మజ్జ తీసి గిర్రున తిప్పి గాఢంగా చేసి ఇచ్చేదాన్ని 'మీ సొంత స్టెమ్ సెల్స్' అంటారు. మజ్జలోని కణాల్లో అసలు ఈ రకం కణాలు లక్షకు ఒకటి నుంచి పది దాకా ఉంటాయి. మిగతావి రక్తం తాలూకువి. అవి లోపలికి వెళ్లాక చేసే పని కూడా ఎక్కువగా సంకేతాలు పంపడం, వాపును అదుపు చేయడం, చుట్టుపక్కల కణాలను పనికి పురమాయించడం. తామే టెండన్‌గా మారిపోవడం అరుదు. ఈ కణాలకు 1991లో ప్రాచుర్యం తెచ్చిన అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ సంగతి గట్టిగా రాశారు.

ఇప్పుడు మీకు చూపించిన ఆ 87 శాతం పత్రం. మీరు చెప్పిన వివరాలను బట్టి అది ఫ్రాన్స్ సర్జన్ ఫిలిప్ ఎర్నిగూ బృందం 2014లో ప్రచురించినదే. మంచి పని, నేనూ చాలాసార్లు చదివాను. 45 మందికి రొటేటర్ కఫ్ కుట్టి, ఆ కుట్టు దగ్గర మజ్జ గాఢద్రవం ఇచ్చారు. ఇంకో 45 మందికి కుట్టు మాత్రమే. ఆర్నెల్లకు మజ్జ ఇచ్చినవాళ్లందరిలోనూ అతుక్కుంది, ఇవ్వనివాళ్లలో 67 శాతం మందిలో. పదేళ్లకు 87 శాతం, 44 శాతం. గమనించారా? 90 మందికీ ఆపరేషన్ జరిగింది. కణాలు కుట్టుకు తోడుగా వెళ్లాయి, కుట్టుకు బదులుగా కాదు. కుట్టు వల్ల కొస ఎముకను తాకి ఉంది, కణాలకు నిలవడానికి చోటు దొరికింది. ఆ క్లినిక్ మీకు ఇస్తానంటున్న దానికి ఈ పత్రం రుజువు కాదు. పైగా ఎవరికి మజ్జ ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయించిన అధ్యయనం కూడా కాదు అది, కాబట్టి సర్జన్లు ఆ అంకెల్ని కొంచెం జాగ్రత్తగానే చూస్తారు.

పందెం గుర్రాల ఉదాహరణ కూడా చెబుతారు, మన బెంగళూరులో రేస్‌కోర్సు ఉంది కాబట్టి చప్పున నమ్మబుద్ధేస్తుంది. బ్రిటన్‌లో 113 పందెం గుర్రాల ముందుకాలి టెండన్‌లో, వాటి మజ్జ నుంచే పెంచిన కణాలు వేశారు. మళ్లీ గాయపడినవి 27.4 శాతం, అంతకుముందు మామూలు వైద్యంతో వచ్చిన లెక్కలకన్నా తక్కువ. అయితే గుర్రానికి వచ్చేది టెండన్ లోపల, చుట్టూ గోడలున్న గుంటలాంటి గాయం. కణాలు అందులో నిలుస్తాయి. పూర్తిగా తెగి వెనక్కి జరిగిన భుజం టెండన్‌లో ఆ గోడలే లేవు.

టిష్యూ ఇంజినీరింగ్‌లో ఇప్పటికే ఆపరేషన్ టేబుల్ దాకా వచ్చినవి కణాలు లేని పొరలు, ప్యాచ్‌లు. వాటిలోనూ అన్నీ మేలు చేయలేదు. పంది పేగు పొరతో చేసిన ప్యాచ్‌ను పెద్ద చీలికల మీద వేసి చూస్తే, 2006లో వచ్చిన ఫలితం: ప్యాచ్ వేసిన 15 భుజాల్లో 4 అతుక్కున్నాయి, వేయని 15లో 9. దాన్ని వాడొద్దని ఆ రచయితలే రాశారు. తర్వాత వచ్చిన ఆవు కొల్లాజెన్ ప్యాచ్ మెరుగ్గా ఉంది. స్పెయిన్‌లో 124 మందితో చేసిన అధ్యయనంలో, మధ్యస్థం నుంచి పెద్ద సుప్రాస్పైనేటస్ చీలికల్లో ఏడాదికి మళ్లీ తెగినవి 25.8 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గాయి. చెయ్యి పనితీరులో మాత్రం ఏడాదికి పెద్ద తేడా కనబడలేదు. మీ సర్జన్‌ను దీని గురించి అడగొచ్చు, ఖర్చుతో సహా. ఆవు పదార్థం అన్న సంగతి నాన్నగారికి ముందే చెప్పండి, కొందరికి అది పట్టింపు.

ఖర్చు దాదాపు లేని ఇంకో ఉపాయం ఉంది. కుట్టేముందు ఎముక తల మీద చిన్న చిన్న రంధ్రాలు చేస్తే లోపలి మజ్జ ఊరి కుట్టు మీదికి వస్తుంది. కొందరు సర్జన్లు చేస్తారు. అధ్యయనాల ఫలితాలు అటూఇటూగా ఉన్నాయి, పెద్ద చీలికల్లో కొంత మేలు కనబడింది. మీ సర్జన్ చేస్తారా, ఎందుకు చేస్తారు లేదా చేయరు, అని అడగండి. ఆ జవాబును బట్టి ఆయన అనుభవం కూడా మీకు కొంత తెలుస్తుంది.

చట్టం సంగతి. మన దేశంలో ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తానికి సంబంధించిన వ్యాధులకు చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. ఔషధంగా అనుమతి పొందినవి వేరు: మన బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ తయారుచేసిన స్టెంప్యూసెల్‌కు కాళ్లకు రక్తం అందని జబ్బుకు, తర్వాత 2022లో మోకాలి అరుగుదలకు అనుమతి వచ్చింది. మోకాలికి వచ్చిన అనుమతి భుజం టెండన్‌కు వర్తించదు. ఎవరైనా ఆ కాగితం చూపించి ఒప్పించబోతే ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ క్లినిక్‌ను ఒకటే అడగండి: ఇది ట్రయలా? అయితే సీటీఆర్ఐ, అంటే మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు ఇవ్వమనండి. ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నిజంగా ట్రయల్ అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, పరీక్షించే చికిత్సకు మీ దగ్గర లక్షలు తీసుకోరు, ఏదైనా హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్లే చూడాలి. ట్రయల్ కాదు, ట్రీట్‌మెంటే అంటే అక్కడితో లేచి వచ్చేయండి. సిరంజిలో ఉన్నదేమిటో కూడా రాసిమ్మనండి. చాలాచోట్ల స్టెమ్ సెల్ పేరుతో ఇచ్చేది పీఆర్పీ, అంటే రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం. అందులో స్టెమ్ సెల్స్ ఉండవు. పీఆర్పీకి కూడా ప్రతి టెండన్‌లోనూ గుణం కనబడలేదు: బ్రిటన్‌లో అకిలిస్ నొప్పి ఉన్న 240 మందిలో, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే ఆర్నెల్లకు ఏ తేడా లేదని 2021లో తేలింది.

'కానీ ఫలానా ఆయనకు ఇంజెక్షన్‌తో తగ్గిందట కదా' అని మీ మామయ్యగారు అన్నారని రాశారు. నొప్పి తగ్గడం వేరు, టెండన్ అతుక్కోవడం వేరు. 2004లో అమెరికా సర్జన్లు చాలా పెద్ద చీలికలు కుట్టిన 18 మందిని స్కాన్ చేస్తే 17 మందిలో మళ్లీ తెగి ఉంది. అయినా వాళ్లలో చాలామంది నొప్పి తగ్గిందన్నారు, ఏడాదికి చెయ్యి కూడా బాగానే లేచింది. అందుకని ఎవరి అనుభవమైనా వినండి, స్కాన్ ఏం చెప్పిందో కూడా అడగండి.

కణాల మీద పెట్టాలనుకున్న శ్రద్ధను ఈ వారం నాన్నగారి షుగర్ మీద పెట్టండి. హెచ్‌బీఏవన్‌సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించి, ఎక్కువుంటే ఫిజీషియన్ దగ్గర అదుపులోకి తెచ్చుకోండి. షుగర్ ఎక్కువున్నవాళ్లలో టెండన్ ఎముకకు అంటుకోవడం మందగిస్తుంది, భుజం బిగుసుకుపోవడమూ ఎక్కువే. బీడీ, సిగరెట్ ఉంటే ఇప్పుడే ఆపించాలి. జ్వరానికో మూత్రం మంటకో సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ రాస్తే టెండన్ తెగి ఉందని డాక్టర్‌కు చెప్పండి. ఆ జాతి యాంటీబయాటిక్స్‌తో టెండన్లు తెగే ప్రమాదముందని 2008 నుంచే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక పెట్టించింది. నొప్పికని స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా సర్జన్‌ను అడగకుండా వేయించకండి.

ఆపరేషన్ ఖాయమైతే నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో ఉంటుంది. బరువు ఎత్తే వ్యాయామాలు దాదాపు మూడు నెలల తర్వాతే. వెనక్కి ఒరిగి పడుకునేలా దిండ్లు, ముందు గుండీలున్న వదులు చొక్కాలు, బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ, ఇవి ముందే సిద్ధం చేసుకోండి. హిందూపురంలో వారానికి రెండుసార్లు చూడగలిగే ఫిజియో ఎవరున్నారో ఇప్పుడే కనుక్కుని, సర్జన్ రాసిచ్చే వ్యాయామాల కాగితాన్ని వాళ్లకు పంపండి. లేదంటే మొదటి మూడు నెలలు ఆయన్ని మీ దగ్గరే ఉంచుకోండి. ఎమ్మారై సీడీ, గుటాలియే గ్రేడ్, హెచ్‌బీఏవన్‌సీ మూడూ చేతిలో పట్టుకుని, భుజం ఆపరేషన్లే ఎక్కువగా చేసే ఇంకో సర్జన్‌కు కూడా ఒకసారి చూపించండి. ఆయనా కుట్టమంటే తేదీ తీసుకోండి.